చక్కెర వ్యాధి: స్కాను చెప్పేదీ, చెప్పలేనిదీ
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



వైద్య సహాయ నిధికి ఈ ఏడు వచ్చిన అర్జీలలో ఒక రకం అర్జీ మాటిమాటికీ కనబడింది. "నాకు షుగరు వున్నది. క్లోమం ఎంత మిగిలిందో తెలుసుకొనుటకు స్కాను తీయించుకోదలచాను. దయచేసి సహాయం చేయగలరు." కొందరు ఇంకొక వాక్యం కూడా చేర్చారు: అది తెలిస్తే వచ్చే రంజాన్‌లో రోజాలు వుండవచ్చునో లేదో తేల్చుకుంటామని. ఇది చందాలతోను, జకాత్‌తోను కూడిన డబ్బు. ఇవ్వాలా వద్దా అని కార్యవర్గం తర్జనభర్జన పడి, ఆ సంగతేదో సభలోనే వివరంగా చెప్పమని మమ్మల్ని ఇక్కడ నిలబెట్టింది.

చుట్టు తిప్పకుండా చెబుతాము. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు ఎన్ని మిగిలాయో కొలిచి చెప్పే స్కాను మామూలు రోగికి ఎక్కడా లేదు. కార్వేటినగరంలో లేదు సరే, తిరుపతిలో లేదు, వేలూరులో లేదు, అమెరికాకు పోయినా లేదు. పరిశోధనశాలల్లో ప్రయత్నాలు జరుగుతున్నాయి. అవి ఎంతవరకు వచ్చాయో కూడా చెబుతాము. కానీ డబ్బు కట్టి, మధ్యాహ్నానికి రిపోర్టు తెచ్చుకునే పరీక్ష మాత్రం అది కాదు.

ఎందుకు లేదు అని అడగాలి మీరు. ఇంత సైన్సు పెరిగింది, కడుపులో బిడ్డ గుండె కొట్టుకోవడం చూపిస్తున్నారు, ఇది చూపలేరా?

క్లోమము అనగా పాంక్రియాస్. జీర్ణకోశం వెనుక అడ్డంగా పడుకొని వుంటుంది. మొత్తం బరువు నూరు గ్రాములకు లోపే. అందులో నూటికి తొంభై ఎనిమిది వంతులు అన్నం అరిగించే రసం తయారుచేసే భాగమే. దాని నడుమ అక్కడక్కడ వేరే రకం కణాల గుంపులు వుండటం 1869లో బెర్లిన్‌లో చదువుకుంటున్న పాల్ లాంగర్‌హాన్స్ అనే కుర్రవాడు సూక్ష్మదర్శినిలో చూశాడు. అవెందుకున్నాయో అతనికి తెలియదు. వాటికి లాంగర్‌హాన్స్ పుటికలని పేరు నిలిచింది. ఆ పుటికల్లోని బీటా కణాలే ఇన్సులిన్ ఇస్తాయి. పుటికలన్నీ ఏరి ఒకచోట పోస్తే ఒకటి రెండు గ్రాములు, మన భాషలో రెండు మూడు చెనిక్కాయ గింజల ఎత్తు. ఆ కాస్త సరుకూ దాదాపు పది లక్షల ముక్కలై క్లోమమంతా చల్లబడి వుంటుంది. ఒక్కొక్క పుటిక మిల్లీమీటరులో పదోవంతు, కాస్త అటూ ఇటూ.

ఇక స్కాను కంటిచూపు సంగతి. సిటీ స్కాను సుమారు అర మిల్లీమీటరు దాకా విడదీసి చూడగలదు. పెట్ స్కానుకు నాలుగైదు మిల్లీమీటర్ల మేర అంతా కలిపి ఒకే చుక్క. లెక్క కడితే ఆ ఒక్క చుక్కలోనే వందల పుటికలు పడతాయి. అల్ట్రాసౌండుకైతే పుటిక అనేది వుందనే తెలియదు.

మనం వేరుశెనగ పండించే సీమ వాళ్ళం కాబట్టి ఇలా చెబుతాము. గుట్టెక్కి చూస్తే చేను కనిపిస్తుంది. ఎంత మేర వుందో తెలుస్తుంది. పచ్చగా వుందా, ఎండిందా, నడుమ బండ వుందా, అన్నీ తెలుస్తాయి. కానీ ఊడలు దిగి కాయ కట్టిందా లేదా అన్నది గుట్ట మీదినుంచి తెలుస్తుందా? చెట్టు పీకితేగానీ తెలియదు. స్కాను రిపోర్టులో "పాంక్రియాస్ నార్మల్" అని రాస్తారు చూడండి, దాని అర్థం చేను పచ్చగా వుందని మాత్రమే. అనగా గ్రంథి సైజు సరిగా వుంది, గడ్డ లేదు, రాళ్లు లేవు, నాళం వెడల్పు కాలేదు. ఇన్సులిన్ వస్తున్నదని ఆ మాటకు అర్థం కాదు. రాసిన డాక్టరు ఆ అర్థంతో రాయలేదు. చదివిన మనమే ఆ అర్థం తీసుకుంటున్నాము.

ఆ అర్థం తీసుకుంటే ఏమవుతుందో మనవాళ్ల మధ్యనే ఒకసారి చూశాము. టైప్ 1 రకం చక్కెర వ్యాధి వున్న ఒక కుర్రవాడికి కడుపునొప్పి వస్తే స్కాను తీశారు. పాంక్రియాస్ నార్మల్ అని వచ్చింది. "నార్మల్ అని రాసే రాశారు, ఇంకా ఈ సూదులెందుకు పసివాడికి?" అన్నారు ఇంటికి వచ్చిన బంధువులు. ఇంట్లో వాళ్లకు కావలసిన మాట అదే. సూది ఆపారు. మూడో రోజుకు వాంతులు, ఆయాసం, మగత. రక్తంలో కీటోన్లు పేరుకొని ఆమ్లం ఎక్కింది. అల్లా దయవల్ల ఆసుపత్రికి చేరేవరకు ప్రాణం నిలిచింది, బ్రతికాడు. టైప్ 1 వున్నవాళ్ల క్లోమం సగటు మీద కొంత చిన్నదవుతుందన్నది నిజమే. కానీ ఒక మనిషి చిత్రం చూసి అతని బీటా కణాలు ఇన్ని అని చెప్పడం కుదరదు. పోయింది గ్రంథిలో నూటికి ఒకటి రెండు వంతులే గదా, మిగతాది కుదురుగానే కనబడుతుంది.

దీనికి సరిగ్గా ఎదురు సంగతి ఒకటున్నది. అది మన దక్షిణాది జబ్బు. చిన్నప్పటినుంచి కడుపునొప్పి వచ్చి పోతూ, జిడ్డుగా విరేచనమై, మనిషి సన్నబడి, ఇరవై ముప్ఫై ఏళ్లలోపే షుగరు తేలడం. 1959లో ఇండొనీషియాలో జ్యూడెమా అనే డాక్టరు దీనిని గురించి రాశారు. 1960లలో కేరళలో డాక్టర్ గీవర్గీస్ పెద్ద సంఖ్యలో ఇటువంటి రోగులను చూసి వివరించారు. వీరి క్లోమంలో రాళ్లు వుంటాయి. మామూలు ఎక్స్‌రేలోనే ఉప్పుగళ్లు చల్లినట్లు తెల్లగా కనబడతాయి. అల్ట్రాసౌండులో ఇంకా బాగా తెలుస్తుంది. ఇక్కడ స్కాను ఎంతో మేలు చేస్తుంది, కాదనము. అయితే వీరిలో చాలామందికి ఇన్సులిన్ కావలసివచ్చినా, సూది తప్పినప్పుడు కూడా కీటోన్ల ప్రమాదంలో పడటం అరుదు. కొన్ని కణాలు ఇంకా మిగిలి వుండటమే దానికి ఒక కారణం. చూశారా వింత! ఒకరి క్లోమం చిత్రంలో చక్కగా వుంది, లోపల కణాలు లేవు. ఇంకొకరిది రాళ్లగుట్ట, అయినా కణాలు కొన్ని బ్రతికి వున్నాయి.

మరి పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు ఊరకే కూర్చున్నారా అంటే, లేదు. వాళ్ల ఆలోచన ఇది: కణం కనబడకపోతే కణానికి మాత్రమే అంటుకునే రంగు ఒకటి పంపుదాము, రేడియో ధార్మికత గల రంగు. అది ఎంత వెలుగు ఇస్తే అన్ని కణాలు వున్నట్లు. ఆలోచన మంచిదే. ఆచరణలో ఒక లెక్క అడ్డం వస్తుంది. నూరు భాగాల క్లోమంలో మనకు కావలసింది ఒక భాగం, తక్కినవి తొంభై తొమ్మిది. రంగు ఆ ఒక్క భాగానికి మిగతావాటికంటే నూరు రెట్లు ఎక్కువ అంటుకుందనుకోండి. గొప్ప రంగే. అయినా వచ్చే వెలుగులో సగం పనికిరాని తొంభై తొమ్మిది భాగాల నుంచే వస్తుంది!

మొదట డీటీబీజెడ్ అనే పదార్థంతో న్యూయార్కులో ప్రయత్నించారు. మెదడు స్కానులకు వాడేదానినే క్లోమానికి వాడి చూశారు. 2009లో ప్రకటించిన ఫలితంలో ఏండ్ల తరబడి టైప్ 1 వున్నవారికీ, ఆరోగ్యవంతులకూ సగటులో తేడా కనబడింది గాని, మనిషికి మనిషిని పోల్చితే అంకెలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కణాలు దాదాపు పోయి వుండవలసిన చోట కూడా వెలుగు మిగిలే వున్నది. స్వీడన్‌లోని ఉప్సలాలో ఇంకొక పదార్థం వాడారు. అది పుటికలోని ఇతర కణాలనూ పట్టుకుంటుంది.

మూడవది ఒక బల్లి కథ, మాకు ఇష్టమైనది. అమెరికాలోని ఎడారుల్లో గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి వుంది. 1992లో జాన్ ఎంగ్ అనే డాక్టరు దాని విషంలో ఎక్సెండిన్ అనే పదార్థం కనుగొన్నారు. దానినుంచి వచ్చిన ఎక్సెనటైడ్ అనే షుగరు మందుకు 2005లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ ఎక్సెండిన్ బీటా కణాల పైనున్న ఒక గ్రాహకానికి పోయి అంటుకుంటుంది. కనుక దానికి రేడియో ధార్మిక పదార్థం తగిలించి పంపితే? నెదర్లాండ్స్‌లోని నైమేహెన్ నగరంలో అదే చేశారు. 2014లో ప్రకటించారు. టైప్ 1 రోగులలో వెలుగు తక్కువగా కనబడింది. ఇంతవరకు వచ్చినవాటిలో ఆశ కలిగించేది ఇదే. కానీ ఆ మందు శరీరంలోనుంచి మూత్రపిండాల గుండా పోతుంది, అక్కడ విపరీతంగా పేరుకుంటుంది. క్లోమం తోక చివర సరిగ్గా ఎడమ మూత్రపిండం పక్కన వుంటుంది. పెట్రోమాక్స్ లైటు పక్కన మిణుగురు పురుగును లెక్కపెట్టమన్నట్లుంటుంది ఆ పని. పైగా రక్తంలో చక్కెర బాగా పెరిగితే ఆ గ్రాహకాలే తగ్గవచ్చు. అప్పుడు కణం వుండి కూడా వెలగదు.

ఇన్సులినోమా అనే అరుదైన గడ్డను వెదకడానికి మాత్రం ఈ పద్ధతి చక్కగా పనికివస్తుంది. అక్కడ ఇన్సులిన్ కణాలన్నీ ఒకచోట కుప్పగా వుంటాయి. కళ్లంలో రాశి పోసిన కాయలు దూరంనుంచి కనబడవూ, అలాగ.

సరే, ఒకనాటికి కణాలు లెక్కపెట్టగలిగారనే అనుకుందాము. అప్పటికైనా సంగతి తేలుతుందా? నగరి, పుత్తూరు వైపు మరమగ్గాలు మనకు తెలియనివి కావు. షెడ్డులో మగ్గాలెన్నో లెక్కపెడితే ఆ రోజు నేసిన బట్ట ఎంతో తెలియదు. కరెంటు పోతే ఎన్ని మగ్గాలున్నా మూగవే. బీటా కణాలూ అంతే. చాలాకాలం చక్కెర ఎక్కువగా వుంటే అవి చావకుండానే పని మానుకుంటాయి. బ్రిటన్‌లో రాయ్ టేలర్, ఆయన మిత్రులు చేసిన పరిశోధన 2017లో వెలువడింది. టైప్ 2 వచ్చి ఆరేళ్లు దాటని, స్థూలకాయులైన రోగుల చేత ఆహారం బాగా తగ్గించి బరువు తగ్గింపజేస్తే, ఏడాదికి నూటికి 46 మందికి మందులు లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. మూగబోయిన మగ్గాలు మళ్లీ ఆడాయన్నమాట. కణాల లెక్క ఒక్కటే చూసి "నీ క్లోమం అయిపోయింది" అని చెప్పి వుంటే వాళ్లు ప్రయత్నమే చేసేవారు కారు.

చెట్టు పీకి చూడవచ్చు గదా, ముక్క తీసి పరీక్షించవచ్చు గదా అంటారేమో. శవపరీక్షలలో చూశారు. 2003లో ప్రకటించిన ఒక లెక్కలో టైప్ 2 వున్న సన్నటివారిలో బీటా కణాలు నూటికి 41 వంతులు, లావుగా వున్నవారిలో 63 వంతులు తక్కువగా తేలాయి. బ్రతికున్నవారిలో ముక్క తీయడం వేరే మాట. నార్వేలో కొత్తగా టైప్ 1 వచ్చిన పెద్దవారిలో, వారి సమ్మతితోనే, క్లోమం తోకనుంచి చిన్న ముక్క తీశారు. ఆపరేషను తరువాత చిక్కులు రావడంతో ఆరుగురితో ఆపివేశారు. క్లోమాన్ని కెలకడం అంత సులభం కాదు. దాని రసం బయట పడితే పక్కనున్నవాటిని అరిగిస్తుంది.

అయితే దారి లేదా? వుంది, అది చాలా సాదా దారి. రక్త పరీక్ష. దాని పేరు సి-పెప్టైడ్. 1967లో షికాగోలో డొనాల్డ్ స్టైనర్ కనుగొన్నదేమంటే, కణం ఇన్సులిన్‌ను నేరుగా తయారు చేయదు. మొదట ఒక పెద్ద ముక్క తయారుచేసి, నడుమనుంచి ఒక తునక కోసి, రెంటినీ రక్తంలోకి వదులుతుంది. ఆ తునకే సి-పెప్టైడ్. ఇన్సులిన్ ఎంతో అదీ అంతే. చెనిక్కాయలు కొట్టే మిల్లు బయట పొట్టు ఎంత పడిందో చూస్తే లోపల ఎన్ని కాయలు కొట్టారో తెలిసినట్లు. ఇంకొక సుగుణం కూడా వున్నది. మనం సూదితో ఎక్కించుకునే ఇన్సులిన్‌లో సి-పెప్టైడ్ వుండదు, అంగట్లో కొన్న గింజలకు పొట్టు వుండనట్లు. కాబట్టి సూది వేసుకునేవారిలో కూడా సొంత క్లోమం ఎంత ఇస్తున్నదో బయటపడుతుంది. సుమారుగా మిల్లీలీటరుకు 0.6 నానోగ్రాముకంటే తక్కువైతే సొంత ఇన్సులిన్ దాదాపు లేనట్లే. అటువంటివారు సూది ఆపితే ప్రాణాపాయం. 1.8 దాటితే బాగానే వస్తున్నట్లు.

ఇదీ తప్పులేనిది కాదు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో సి-పెప్టైడ్ బయటకు పోక ఎక్కువగా కనబడుతుంది. చక్కెర బాగా పడిపోయినప్పుడు తీస్తే తక్కువగా వస్తుంది. అందుకే అదే సమయంలో చక్కెర కూడా చూసి, రెండూ కలిపి డాక్టరు చదవాలి. అందరికీ అక్కరలేదు కూడా. నలభై దాటి, లావుగా వుండి, మాత్రలతో అదుపులో వున్నవారికి ఆ పరీక్షతో పని లేదు. సన్నగా వుండి, చిన్న వయసులో షుగరు వచ్చి, ఏ రకమో తేలనివారికి అది కావాలి.

గొప్ప గొప్ప చికిత్సలకు కూడా కొలబద్ద ఇదే. 2025లో ప్రకటించిన ఒక ప్రయోగంలో మూలకణాలనుంచి పెంచిన పుటికలను టైప్ 1 రోగుల కాలేయపు రక్తనాళంలోకి ఎక్కించారు. పన్నెండు మందిలో పది మంది ఏడాది తిరిగేసరికి ఇన్సులిన్ సూది లేకుండా వున్నారు. ఆ కణాలు లోపల బ్రతికి పని చేస్తున్నాయని వాళ్లు స్కాను తీసి చెప్పలేదు, సి-పెప్టైడ్ చూసి చెప్పారు.

మన పక్కనున్న వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం అసంపూర్తి. పేదరికంలో, తిండి చాలక పెరిగి, బక్కగా వుండి షుగరు తెచ్చుకున్నవారు టైప్ 1 కాదు, టైప్ 2 కాదు, వీరిది వేరే జబ్బని అక్కడి డాక్టర్లు ఏళ్ల తరబడి అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో పోషకాహార లోపపు మధుమేహాన్ని ప్రత్యేక రకంగా గుర్తించి, 1999లో తీసివేసింది. వేలూరు డాక్టర్లు, న్యూయార్కులోని ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ వైద్య కళాశాలవారు కలిసి చేసిన పరిశోధన 2022లో వచ్చింది. ఈ బక్క రోగులలో ఇన్సులిన్ పుట్టడమే బాగా తక్కువ అని అందులో తేలింది. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్ మహాసభలో అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్ దీనిని టైప్ 5 అని గుర్తించింది. వాళ్లు దీనిని ఎలా కొలిచారు? గంటల తరబడి పడుకోబెట్టి, రక్తనాళంలోకి గ్లూకోజు, ఇన్సులిన్ ఎక్కిస్తూ, మళ్లీ మళ్లీ రక్తం తీసి, సి-పెప్టైడ్ లెక్కలు కట్టి. ఎమ్మారై యంత్రం కూడా వాడారు, కానీ కాలేయంలో కొవ్వు ఎంతో చూడటానికి. కూలి పనికి పోయే మన బక్క పిల్లలకు షుగరు వస్తే "షుగరు గదా, తిండి తగ్గించు" అని ఇరుగుపొరుగు సలహా ఇవ్వడం ఇకనైనా మానాలి. వాళ్లకు కావలసింది తిండే.

ఇప్పుడు రోజాల మాట. 2001లో 13 దేశాల్లో పన్నెండు వేల పైచిలుకు ముస్లిం రోగులను పరిశీలించారు. టైప్ 2 వారిలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం మామూలు నెలలకంటే రంజాన్‌లో ఏడున్నర రెట్లు పెరిగింది. భయపెట్టడానికి చెప్పడం లేదు, లోకంలో కోట్లమంది షుగరుతోనే క్షేమంగా రోజాలు వుంటున్నారు. ఎవరు వుండవచ్చు, ఎవరు వుండరాదు అని తేల్చడానికి 2021లో అంతర్జాతీయ ఫెడరేషన్, రంజాన్ సంబంధమైన వైద్య కూటమి కలిసి ఒక మార్కుల పట్టిక సవరించి ఇచ్చాయి. ఏ రకం షుగరు, ఎన్నేళ్లనుంచి, చక్కెర పడిపోయిన అనుభవం వుందా, మూడు నెలల సగటు ఎంత, ఏ మందు, మూత్రపిండాలు ఎలా వున్నాయి, ఒళ్లు వంచి పనిచేస్తారా, గర్భవతా, పోయిన రంజాన్ ఎలా గడిచింది, ఇవన్నీ వున్నాయి అందులో. క్లోమం స్కాను మాత్రం ఎక్కడా లేదు. అర్జీ పెట్టినవారు ఇది గమనించాలి. రోజాలో వేలు గుచ్చి చక్కెర చూసుకుంటే రోజా పోదు. 70కి తగ్గినా, 300 దాటినా ఆ క్షణమే రోజా విడవాలి, ఇఫ్తార్‌కు అరగంటే వుందని ఆగరాదు. రోగికి మినహాయింపు సూరా బఖరాలోనే వున్నది. ఖజానా, ఫిద్యానా అన్నది మన హజ్రత్‌లను అడగండి, అది మా పని కాదు.

మరి నిధి సంగతి. క్లోమం ఎంత మిగిలిందో చూసుకోవడానికని వచ్చిన స్కాను అర్జీలకు ఈసారి డబ్బు ఇవ్వవద్దని మేము కార్యవర్గానికి చెప్పాము. ఆ డబ్బుతో గ్లూకోమీటరు పట్టీలు కొని, ఇన్సులిన్ మీదున్న పేద ఇళ్లకు ఇవ్వమన్నాము. రకం తేలని చిన్న వయసువారికి, డాక్టరు చీటీ వుంటే, సి-పెప్టైడ్ ఖర్చు పెట్టుకోమన్నాము. స్కానుకు ఇవ్వవలసినచోట ఆలస్యం చేయవద్దనీ చెప్పాము: కడుపునొప్పితో సన్నబడుతూ షుగరు వచ్చిన కుర్రవాళ్లకు, యాభై దాటాక హఠాత్తుగా షుగరు వచ్చి బరువు తగ్గిపోతున్నవారికి, కళ్లు పచ్చబడినవారికి. అక్కడ చూసేది రాయినో, గడ్డనో. అది స్కాను చూడగలదు, చూడాలి కూడా.

రోజాలు వుండదలచినవారు నెలవంక కనబడేదాకా ఆగకండి. ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు, అనగా రజబ్ నెలలోనే డాక్టరుకు చూపించుకోవాలి. మందుల చీటీ, మూడు నెలల సగటు కాగితం, క్రియాటినిన్ కాగితం, ఇంట్లో వేలు గుచ్చి చూసుకున్న అంకెలు రాసిన నోటుపుస్తకం పట్టుకుపోండి. నోటుపుస్తకం లేనివారు సభ అయిపోయాక మా వద్ద తీసుకోవచ్చు, బల్ల మీద పెట్టించాము.